దాసరిపిట్ట తోక విప్పితే

(విశాఖపట్నం ముడసర్లోవ పార్కులో మార్చి మొదటి ఆదివారం పొద్దున్న పక్షుల నడక ముగిశాక చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండి. టీ గ్లాసులు చేతిలో ఉన్నవాళ్ళు తాగుతూనే వినండి, తొందరేం లేదు.

ఈ పొద్దున్న ఆరుంబావుకి మనమంతా గేటు దగ్గర నిలబడ్డాం. అందరి కళ్ళూ నీళ్ళ వైపే. దూరంగా ఒక కొంగ లేస్తే బైనాక్యులర్లన్నీ ఒక్కసారే అటు తిరిగాయి. సరిగ్గా అప్పుడే మన వెనక, పట్టుమని పదడుగుల దూరం లేదు, కానుగ చెట్టు కింది కొమ్మ మీద ఒక పిట్ట తోక విప్పుకుని ఇటొక అర చుట్టు, అటొక అర చుట్టు తిరుగుతోంది. ఒక్క పాప చూసింది. ఎనిమిదేళ్ళుంటాయేమో. "తాతగారూ, అది డాన్సు చేస్తోంది" అంది. ఈ పూట వలస పక్షుల మీద మాట్లాడదామని కాగితాలు రాసుకొచ్చాను. ఆ పాప మాట విన్నాక వాటిని సంచిలో పెట్టేశాను.

దాని పేరు దాసరిపిట్ట. ఇంగ్లీషులో వైట్ బ్రౌడ్ ఫ్యాన్‌టెయిల్ అంటారు, పాతవాళ్ళు చివర ఫ్లైక్యాచర్ అని కూడా కలిపేవారు. శాస్త్రీయ నామం రిపిడ్యూరా ఆరియోలా. గ్రీకులో రిపిస్ అంటే విసనకర్ర, ఊరా అంటే తోక. వాళ్ళు తోక చూసి పేరు పెట్టారు, మనవాళ్ళు ముఖం చూసి పెట్టారు. మసి రంగు తల మీద నుదుటి నుంచి మెడ దాకా వెడల్పాటి తెల్లటి పట్టీ ఉంటుంది. మా చిన్నప్పుడు భీమిలి పక్కన మా ఊళ్ళోకి దాసరి వచ్చేవాడు. నుదుటి నిండా తిరుమణి, చేతిలో చిడతలు. ఒక్కచోట నిలబడేవాడు కాదు, పాడుతూ ఆ గుమ్మం నుంచి ఈ గుమ్మానికి చిందులేస్తూ వచ్చేవాడు. ఆ నామం, ఆ చిందు రెండూ ఈ పిట్టలో ఉన్నాయి. ఈ పేరు ఎవరు పెట్టారో గానీ దాన్ని దగ్గర నుంచి, చాలాసేపు చూసినవాళ్ళే పెట్టుంటారు. హిందీలో దీన్నే మచ్ఛర్యా అంటారు, మచ్ఛర్ అంటే దోమ. వాళ్ళు దాని తిండి చూశారు.

ముక్కు కొన నుంచి తోక కొస దాకా 17 సెంటీమీటర్లుంటుంది, అందులో ఇంచుమించు సగం తోకే. బరువు పది పన్నెండు గ్రాములు. రెండు మూడు రూపాయి బిళ్ళలు అరచేతిలో పెట్టుకుంటే ఎంతో, అంత. గొంతు దగ్గర నలుపు, పొట్ట తెలుపు, రెక్క మీద తెల్లటి చుక్కల వరసలు, తోక ఈకల చివర్లు తెలుపు. ఆ చివర్ల తెలుపుని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ముందు ఈ ఫ్లైక్యాచర్ అనే మాట సంగతి చూద్దాం. ఈగలు పట్టేది అని అర్థం. ఇది ఇంటిపేరా, వృత్తి పేరా? ఒక వీధిలో ముగ్గురు టైలర్లున్నారనుకోండి. ముగ్గురి దగ్గరా కుట్టుమిషను, టేపు, కత్తెర ఉంటాయి. అంతమాత్రాన ముగ్గురూ అన్నదమ్ములైపోరు కదా. పక్షుల విషయంలో శాస్త్రవేత్తలే చాలాకాలం అలా పొరబడ్డారు. ఎగిరే పురుగుని గాల్లో పట్టే చిన్న పిట్టలన్నిట్నీ ఒకే ఇంట్లో కూర్చోబెట్టారు. చార్లెస్ సిబ్లీ, జాన్ ఆల్‌క్విస్ట్ అనే ఇద్దరు అమెరికన్లు 1970లు, 80లలో డీఎన్ఏ పోల్చి చూడటం మొదలెట్టాక ఆ ఇల్లు ముక్కలైంది. మన దాసరిపిట్టకి దగ్గరి చుట్టాలు ఎవరో తెలుసా? ఏట్రింత, అదే పశువుల వీపు మీద స్వారీ చేసే పసులపోలిగాడు. తోక పిగిలిపిట్ట, తెల్ల రిబ్బన్లు వేలాడేసుకుని తిరిగే ప్యారడైజ్ ఫ్లైక్యాచర్. కాస్త దూరపు చుట్టం కాకి. అవునండీ, కాకే. ఫ్లైక్యాచర్ అనే మాట పేరులో ఉంది తప్ప అసలు ఫ్లైక్యాచర్ కుటుంబంతో దాసరిపిట్టకి దగ్గరి బంధుత్వం లేదు.

అసలు కుటుంబంలో ఎవరున్నారు మరి? మన గోడల మీద తోక నిక్కబొడుచుకుని తిరిగే నల్లంచి, పొద్దున్నే యాంటెన్నా మీద కూర్చుని పాడే పెద్ద నల్లంచి. ఎక్కువగా నేల మీద గెంతుతూ పురుగులేరుకునే ఈ రెండిట్నీ ఇంతకాలం వేరే వంశంలో రాశారు. ఇప్పుడవే ఫ్లైక్యాచర్ కుటుంబం వారసులు. అమెరికా ఖండాల్లో ఇంకో 400కి పైగా జాతులున్నాయి, వాటినీ ఫ్లైక్యాచర్లే అంటారు. మన వాటితో వాటికి సంబంధం బహు దూరం. వాటిలో ఫీబీ అని ఒకటుంది. వంతెనల కింద, ఇంటి చూరు కింద మట్టీ నాచూ కలిపి గూడు కట్టుకుంటుంది, మనుషుల పక్కన బతకడం దానికి బాగా అలవాటు. ఆస్ట్రేలియాలో మన దాసరిపిట్ట అన్నలాంటిది ఇంకోటుంది, విల్లీ వాగ్‌టెయిల్. గొర్రెల వీపు మీదెక్కి తిరుగుతుంది, ఊళ్ళలోనూ ఉంటుంది. ఒక్కో ఖండంలో ఒక్కో వంశం. పని మాత్రం అందరిదీ ఒకటే, నీడపట్టున ఒక కొమ్మ చూసుకోవడం, గాల్లో పురుగుని పట్టడం.

ఆ పని ఎంత కష్టమో ఒక్కసారి ఆలోచించండి. దోమని చేత్తో కొట్టాలంటేనే మనకి మూడుసార్లు తప్పుతుంది. అది ముక్కుతో పట్టాలి, అదీ తను ఎగురుతూ. దీనికి కావాల్సిన మొదటి సరంజామా కన్ను. స్వీడన్‌లో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు యూరప్ ఫ్లైక్యాచర్లని పరీక్షించారు. వెలిగి ఆరే దీపం సెకనుకి 60 సార్లు మినుకుమంటే మన కంటికి ఇంచుమించు నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. ఆ పిట్టలకి 140 సార్లు దాటినా మినుకు మినుకుమనే కనిపించింది. అంటే ఈగ గాల్లో ఏ మలుపు తిరుగుతోందో ముక్కముక్కగా చూడగలవు. మనకి గీతలా కనిపించేది వాటికి బొమ్మ మీద బొమ్మగా కనిపిస్తుందన్నమాట. ఆ పరీక్ష జరిగింది మన పిట్ట మీద కాదు, కానీ ఈ వృత్తికి ఎలాంటి కన్ను కావాలో దాన్నిబట్టి తెలుస్తుంది.

రెండోది మీసాలు. ముక్కు మొదట్లో వెంట్రుకల్లా బిరుసుగా ఉంటాయి. పురుగు జారిపోకుండా వలలా పనిచేస్తాయని చాలాకాలం రాశారు. అమెరికాలో కొన్ని ఫ్లైక్యాచర్లకి ఆ మీసాలు కత్తిరించి చూస్తే పురుగులు పట్టడంలో తేడా రాలేదు. పట్టేటప్పుడు పురుగు కాళ్ళూ రెక్కలూ కంట్లో గుచ్చుకోకుండా కాపాడతాయని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు.

ఇక తోక. ఆ పాప చూసిన డాన్సు ఇదే. మామూలు ఫ్లైక్యాచర్ కొమ్మ మీద కదలకుండా కూర్చుని పురుగు ఎగిరేదాకా కాచుకుంటుంది. దాసరిపిట్టకి అంత ఓపిక లేదు. అది ఆకుల మధ్యకి దూరి, రెక్కలు వాల్చి, తోకని విసనకర్రలా ఠక్కున విప్పి, గిర్రున తిరుగుతుంది. ఆకు కింద నక్కిన దోమకి, చిన్న ఈగకి, రెక్కల పురుగుకి ఆ మసక నీడలో ఒక్కసారిగా తెల్లటిదేదో కదిలినట్టవుతుంది. ఏదో వచ్చి మీద పడుతోందంటే పారిపోవడం పురుగుకి పుట్టుకతో వచ్చిన తెలివి. లేచి ఎగురుతుంది. ఆకుని అంటుకుని ఉంటే బతికిపోయేది. లేచిందా, అయిపోయింది. పురుగుని కాపాడాల్సిన భయాన్నే ఈ పిట్ట తన వేటకి వాడుకుంటుంది. నాకు ఎన్నేళ్ళు చూసినా తనివి తీరనిది ఇదే.

తోక చివర్ల తెలుపు గుర్తుపెట్టుకోమన్నాను కదా. మధ్య అమెరికాలో ఇలాగే తోక విప్పి వేటాడే వేరే జాతి పిట్టలున్నాయి. వాటి తోకలోని తెల్లటి భాగానికి నల్లరంగు పూసి వదిలారు. తిండికి అవస్థపడ్డాయి, ఎందుకంటే లేచే పురుగులు తగ్గిపోయాయి. ఆ తెలుపు అలంకారం కాదు, పనిముట్టు.

పాట గురించి ఎక్కువ చెప్పను, అది వినాల్సిందే. మెట్టు మెట్టుగా పైకెక్కి, చివర్లో కిందికి దిగే చిన్న ఈల. ఎవరో కుర్రాడు సైకిలు తొక్కుకుంటూ ఈల వేసుకుపోతున్నట్టుంటుంది. కోపమొస్తే మాత్రం చక్ చక్ అని కర్కశంగా అరుస్తుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాను. మా పెరట్లో ఒక సపోటా ఉంది, పాతది, కిందికి వాలిన కొమ్మలు. కొన్నేళ్ళ కిందట ఇదే మార్చిలో మా ఆవిడ బూజుకర్ర తీసుకుని నీళ్ళ ట్యాంకు కింద బూజు దులపబోయింది. కర్ర ఎత్తిందో లేదో, దాసరిపిట్ట ఒకటి వచ్చి ఆ సాలెగూటి ముందు గాల్లోనే రెక్కలాడిస్తూ, ముక్కుతో ఒక పోగు లాగి, దాన్ని ముక్కు చుట్టూ చుట్టుకుని సపోటాలోకి ఎగిరిపోయింది. మా ఆవిడ కర్ర దించేసింది. లోపలికొచ్చి "ఏవండీ, ఈ సంవత్సరం బూజు దులపను" అంది. కుర్చీ వేసుకుని కూర్చుని లెక్కపెట్టింది కూడా. గంటలో పదకొండు సార్లొచ్చింది.

మర్నాడు నేను కింద నుంచి చూశాను. నా తలకి రెండడుగుల పైన, బొటనవేలంత లావు కొమ్మ చీలిన చోట గూడు. సన్నటి గడ్డిపరకలు, వేళ్ళ పీచు గుండ్రంగా చుట్టి, బయటంతా సాలెపోగులతో అతికారు. పూతపూసినట్టు బూడిద రంగులో, కొమ్మ మీద బొడిపె ఏదో ఉన్నట్టుంది. ఒక నిమ్మకాయ పడితే నిండిపోయేంత లోతు. పిట్ట అందులో కూర్చుని ఛాతీతో నొక్కుతూ చుట్టూ తిరుగుతుంది, గిన్నెకి గుండ్రం వచ్చేది అలా. సాలెపోగుకి రెండు గుణాలున్నాయి. అంటుకుంటుంది, సాగుతుంది. పిల్లలు పెరుగుతుంటే గూడు పిగిలిపోకుండా వాటితోపాటు సాగేది అందుకే. సాలీడు లేని చోట ఈ గూడు లేదు. మూడు గుడ్లు పెట్టింది. మీగడ రంగు మీద గోధుమ రంగు చుక్కలు, లావుపాటి వైపు అవి వలయంలా చేరతాయి. ఆడా మగా ఇద్దరూ వంతులేసుకుని పొదిగారు. ఒకటి లేస్తే రెండోది అరనిమిషంలో వచ్చి కూర్చునేది.

తొమ్మిదో రోజున మా వీధికి కొమ్మలు కొట్టేవాళ్ళొచ్చారు. తీగలకి అడ్డమొస్తున్నాయని మా గోడ వైపు కొమ్మలు నరికారు. నేను ఇంట్లో లేను. గూడున్న కొమ్మని ముట్టుకోలేదు పాపం, దాని మీద నీడ పట్టే రెండు కొమ్మలే కొట్టారు. సాయంత్రం వచ్చి చూస్తే గూటి మీద ఎండ పడుతోంది, వీధిలోంచి చూసినా కనిపిస్తోంది. మర్నాడు పొద్దున్న కాకి వచ్చింది. పన్నెండు గ్రాముల పిట్టలు రెండూ కాకి వీపు మీద పడి పొడిచాయి, మామిడి చెట్టు దాకా తరిమాయి. కాకి మళ్ళీ వచ్చింది. మూడోసారి రెండు కాకులొచ్చాయి. నేను కర్ర పట్టుకుని పరిగెత్తేసరికి గూట్లో ఏమీ లేదు.

ఆ రోజు మా ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. నాలుగో రోజుకి ఆ జత పాత గూటిని ఊడదీయడం మొదలెట్టింది. అదే సాలెపోగు, అదే పీచు, ఒక్కొక్కటే లాక్కెళ్ళి పెరటి లోపలి వైపు గుబురులో, బావి మీదికి వాలిన కొమ్మ మీద కొత్తది కట్టాయి. ఈసారి పొదిగి, పిల్లల్ని చేసి, మూడిట్లో రెండిట్ని ఎగరేశాయి. గూట్లోంచి బయటపడ్డ పిల్లలకి తోక పొట్టిగా ఉంటుంది. ఆ పొట్టి తోకనే విప్పడానికి ప్రయత్నిస్తుంటాయి, మొదటి రోజు నుంచే.

ఇది ఎక్కడైనా సర్దుకుపోయే పిట్ట అని అందరూ అంటారు. నిజమే. కంబాలకొండలో ఉంది, సింహాచలం కొండ మీద సంపెంగ తోటల్లో ఉంది, యూనివర్సిటీ క్యాంపస్‌లో ఉంది, మా పెరట్లో ఉంది. కానీ ఆ మాట సగమే నిజం. సర్దుకుపోతుంది అంటే ఏమీ లేకపోయినా బతుకుతుందని కాదు. దాని అవసరాలు మూడే, ఆకుల నీడ, ఆ నీడలో పురుగు, మూలన సాలెగూడు. ఈ మూడూ ఉంటే అడవైనా ఒకటే, అపార్టుమెంటైనా ఒకటే. మూడిట్లో ఒకటి తీసేస్తే అంత సర్దుబాటు తెలిసిన పిట్టా నిలవదు. మా సపోటా మీద నేను చూసింది అదే, రెండు కొమ్మల తేడా.

2014 అక్టోబరు 12 ఇక్కడ ఎవరూ మర్చిపోయి ఉండరు. హుద్‌హుద్ అన్నా పక్షి పేరే, మన కూకుడుగువ్వకి అరబ్బీ పేరు. ఆ తుఫాను తర్వాత కొండలు కాలిపోయినట్టు గోధుమ రంగులోకి మారాయి. నిలబడ్డ చెట్టుకి కూడా ఆకు లేదు. మా వీధిలో ఆ నెలంతా ఈ ఈల వినలేదు. ధనుర్మాసం వచ్చేసరికి కానుగలు, వేపలు మొండి మాను నుంచే గుబురుగా చిగురేశాయి. ఒక పొద్దున్న మా ఆవిడ గోడవతల చెయ్యి చూపించి "వచ్చేసిందండీ" అంది.

మన కొండల గురించి ఒక్క మాట, పిల్లలున్నారు కాబట్టి. విశాఖ కనుమల పక్షుల మీద అమెరికా శాస్త్రవేత్తలు డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్‌లతో కలిసి మన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు 1987, 88లలో వ్యాసాలు ప్రచురించారు. ఈశాన్య రాష్ట్రాల వైపు ఉండాల్సిన అబాట్స్ బాబ్లర్ అనే పిట్ట ఇక్కడ మన కనుమల్లో విడిగా బతుకుతోందని తేలింది. ఆ ఉపజాతికి కృష్ణరాజు గారి పేరే పెట్టారు. మన కొండల్లోని ఒక పిట్ట పేరులో ఒక తెలుగువాడున్నాడు, గుర్తుంచుకోండి.

ప్రశ్నలు అడగండి. ఆ వెనక అమ్మగారు...

అవునమ్మా, దోమల్ని తింటుంది. కానీ దోమలన్నీ పోతాయని చెప్తే అబద్ధమవుతుంది. డెంగీ భయం ఉన్న ఊరు మనది, దోమని తేలిగ్గా తీసుకోకూడదు. కాకపోతే దోమల మందు పొగ కొట్టే బండి వచ్చినప్పుడు దోమతోపాటు సాలీడూ పోతుంది, సీతాకోకా పోతుంది. జర్మనీలో రక్షిత ప్రాంతాల్లోనే 27 ఏళ్ళలో ఎగిరే పురుగుల మొత్తం బరువు 75 శాతం పైగా పడిపోయిందని 2017లో తేల్చారు. పొగ కంటే ముందు చెయ్యాల్సింది వారానికోసారి కూలర్లో, పూలకుండీ పళ్ళెంలో, టైర్లలో నీళ్ళు పారబోయడం. గుడ్డు దోమ అవడానికి వారం పైనే పడుతుంది. వారం తిరక్కుండా పారబోస్తే అక్కడ దోమ పుట్టదు.

బాబూ, నువ్వడుగు. గూడు కనిపిస్తే ఏం చెయ్యాలి? దగ్గరికెళ్ళకు. ఫోటో కోసం ఆకు తుంచకు, కొమ్మ వంచకు. నువ్వు రోజూ ఒకేచోట నిలబడి చూస్తుంటే కాకి నిన్ను గమనిస్తుంది, నువ్వేం చూస్తున్నావో అది కూడా చూస్తుంది. దూరంగా కూర్చుని ఎన్ని నిమిషాలకి ఎవరొచ్చారో పుస్తకంలో రాసుకో. కొమ్మలు కొట్టించాలంటే వర్షాలు తగ్గాక పెట్టుకోమని ఇంట్లో చెప్పు. ఫిబ్రవరి నుంచి సెప్టెంబరు దాకా దీని గూళ్ళ కాలం.

సరేనండి. కానుగ మీది ఆ జత పొద్దున్న ఏం చేస్తోందో ఆ పాప ఇంకో సంగతి కూడా చెప్పింది నాకు. వాటిలో ఒకదాని ముక్కుకి తెల్లటి దారం వేలాడుతోందట. టిక్కెట్టు కిటికీ పైన చూరులో పెద్ద సాలెగూడుంది, నేను వచ్చేటప్పుడు చూశాను. గ్లాసులిక్కడే పెట్టేసి, కుర్చీలు చప్పుడు కాకుండా జరిపి రండి. గేటు దాకా వెళ్దాం. చింతచెట్టు కిందే ఆగిపోదాం, అక్కణ్ణించి కనిపిస్తుంది. పాపా, నువ్వు ముందు నడువమ్మా.